హెఫ్సీబా అను పేరులో ఏమున్నది?



మన సంఘాలలో తమ ఆడబిడ్డకు హెప్సీబా అని పేరు పెట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. కాని పరిశుద్ధ గ్రంథమంతటిలో ఈ పేరు రెండే చోట్ల కనబడుతుంది. ఒకటి 2 రాజులు 21:1, రెండవది యెషయా 62:4.

హెబ్రీ భాషలో ‘హెఫెత్స్’ అంటే ఇష్టము, ఆనందము. ‘హెఫ్సీ’ అంటే నా ఆనందము. ‘బాహ్’ అంటే ఆమెయందు. రెండూ కలిస్తే, ‘ఆమెయందు నాకు ఆనందమున్నది’ అని అర్థము. ఆమె అందమునందు కాదు, ఆమె సంతానమునందు కాదు, ఆమె తెచ్చిన కట్నమునందు అసలే కాదు. ఆమెయందే!

మొదటి హెఫ్సీబా ఎవరు? భక్తుడైన హిజ్కియా రాజు భార్య. ఆమె కుమారుడు మనష్షే 12 ఏండ్ల ప్రాయములో రాజై, యెరూషలేములో 55 సంవత్సరములు ఏలాడు. తండ్రి పడగొట్టిన ఉన్నతస్థలములను మరల కట్టించాడు. తన కుమారుని అగ్నిగుండము దాటించాడు. అటువంటి కొడుకును కన్న తల్లిని లోకము ఏమంటుంది? “తల్లి పెంపకము అలాంటిది” అంటుంది. వాక్యము మాత్రము ఆమెను నిందించలేదు. ఆమె పేరు చెప్పి ఊరకున్నది.

ఇప్పుడు మరొక తల్లిని చూడండి. 1 రాజులు 22:42లో, యెహోవా దృష్టికి యథార్థముగా నడచిన యెహోషాపాతు తల్లి పేరు అజూబా. అజూబా అంటే ‘విడువబడినది’! ఆనందమను పేరుగల తల్లికి దుష్టుడైన రాజు, విడువబడినదను పేరుగల తల్లికి మంచి రాజు. కాబట్టి పేరును బట్టి బిడ్డను గాని, బిడ్డను బట్టి తల్లిని గాని తూచకూడదు.

ఈ రెండు పేర్లూ యెషయా 62:4లో ఒక్కచోట కలుస్తాయి. సీయోనును ఇక ‘అజూబా’ అని పిలువరు, ‘హెఫ్సీబా’ అని పిలుస్తారని దేవుడు వాగ్దానము చేశాడు. కారణము కూడా అదే వచనములో ఉన్నది: యెహోవా ఆమెయందు ఆనందించుచున్నాడు. పాడైన పట్టణము ముందు బాగుపడి, తరువాత ఆ పేరు సంపాదించుకోలేదు. దేవుడే ముందుగా ఇష్టపడి పేరు మార్చాడు.

ఈ మాటలు వింటున్న సహోదరీ, భర్త విడిచిపెట్టాడని నిన్ను వేలెత్తి చూపుతున్నారా? గొడ్రాలని శుభకార్యములలో పక్కకు నెట్టారా? దారితప్పిన కొడుకును బట్టి తల వంచుకొని గుడికి వస్తున్నావా? లోకము పెట్టిన పేరు నీకు చివరి పేరు కాదు. మనష్షే కూడా సంకెళ్లలో తన్ను తాను తగ్గించుకొని ప్రార్థించినప్పుడు దేవుడు ఆలకించాడని 2 దినవృత్తాంతములు 33వ అధ్యాయము చెప్పుచున్నది. నీ కొడుకు కొరకు ప్రార్థన మానవద్దు.

సంఘ పెద్దలారా, ప్రభువు హెఫ్సీబా అని పిలిచినవారిని మనము అజూబా అని పిలువకుందుము గాక.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.