సంఘం కంప్యూటరుకు జబ్బు చేస్తే కనిపెట్టడం ఎట్లా?

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో పాలకేంద్రంలో కొలపాత్రలు, వెన్న పరీక్షకు గాజు గొట్టాలు, ఒక రిజిస్టరు ఉండేవి. నేడు తూకం, వెన్న శాతం, ధర అన్నీ కంప్యూటరే లెక్కగట్టి చీటీ ఇస్తున్నది. పక్షం బిల్లు బ్యాంకు ఖాతాలకు పోతున్నది. వానలు లేక శనక్కాయ పోయిన ఏడు మన మెట్ట పల్లెల్లో ఇల్లు నడిపేది ఆ డబ్బే. కావున కంప్యూటరుకు సోకే జబ్బును గుర్తించడం కూడా కార్యదర్శి పనిలో భాగమే.

ఇది ఎక్కడో పట్నాల సంగతి కాదు. 2017 మే నెలలో వాన్నక్రై అనే వైరస్ సుమారు 150 దేశాల్లో కంప్యూటర్ల ఫైళ్లకు తాళం వేసి, విడిపించడానికి డబ్బు అడిగింది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లకూ అది సోకింది. దాన్ని అడ్డుకొనే సవరణను మైక్రోసాఫ్టు అంతకు రెండు నెలల ముందే ఇచ్చింది. ఆ సవరణ వేసుకోని యంత్రాలే దెబ్బతిన్నాయి. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లకూ ఇటువంటి దెబ్బే తగిలింది.

మేము తనిఖీ చేసే సంఘాల్లో ఒకదాని కథ చెబుతాము. ఊరి పేరు అక్కరలేదు. కార్యదర్శి బుద్ధిమంతుడు. జిరాక్సు కొట్టులో కాగితాలు తీయించుకొని పెన్‌డ్రైవు తెచ్చి కంప్యూటరుకు పెట్టినాడు. అందులోని ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి ఉన్నాయి. ఒకటి నొక్కినాడు. మరునాడు యాంటీవైరస్ దానంతట అదే ఆగిపోయింది. చెబితే మాట వస్తుందని ఊరుకున్నాడు. నాలుగో నాడు బిల్లు తీయబోతే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. పేర్ల చివర ఏవో కొత్త అక్షరాలు, తెర మీద డబ్బు కట్టమని హెచ్చరిక. దాచిన నకలు కూడా అదే యంత్రానికి తగిలించిన డిస్కులోనే ఉండి, అదీ పోయింది.

ఇంటింటికీ తిరిగి చీటీలు సేకరించి లెక్క కట్టినాము. కొన్ని చీటీల మీద అచ్చు వెలిసిపోయింది. బిల్లు మూడు వారాలు ఆలస్యమైంది. ఒక్క ఎనుముతో బ్రతికే అవ్వ ఒకామె, "నేను పోసిన పాలు విరగలేదే, మీ లెక్క ఎట్లా విరిగిపోయింది నాయనా?" అని అడిగింది. మా వద్ద జవాబు లేదు. అంతకుముందు తనిఖీలో మేము నగదు పుస్తకం చూసినాము గాని, నకలు ఎక్కడుందని అడగలేదు. ఆ తప్పు మాది.

ఇక గుర్తులు. ఎనుము మేత మానితే, పాలు తగ్గితే మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. దాని అలవాటు మీకు తెలుసు. యంత్రం విషయమూ అంతే. యాంటీవైరస్ తనంతట ఆగిపోవడం, మీరు వేయని ప్రోగ్రాములు కనబడటం, అడగని ప్రకటనలు తెరపైకి రావడం, ఫైళ్ల పేర్లు మారడం, పని లేనప్పుడు కూడా ఇంటర్నెట్ డేటా ఖర్చు కావడం, మీరు పంపని సందేశాలు మీ పేర పోవడం, ఇవన్నీ అనుమానించదగినవి. నెమ్మదించడం ఒక్కటే గుర్తు కాదు. దుమ్ము పట్టినా, డిస్కు నిండినా యంత్రం నెమ్మదిస్తుంది. "మీ కంప్యూటరుకు వైరస్ సోకింది, ఈ నెంబరుకు ఫోన్ చేయండి" అని తెర మీద వస్తే అది సాధారణంగా మోసమే. ఫోన్ చేయవద్దు. వాట్సాప్‌లో పెండ్లి పత్రిక అనో, ప్రభుత్వ పథకం అనో వచ్చే ఏపీకే ఫైలును సెల్‌ఫోన్‌లో వేసుకోవద్దు.

పైకి కనబడని పొదుగువాపు ఉన్నట్లే, ఏ గుర్తూ చూపని వైరస్ కూడా ఉంటుంది. కావున బిల్లు పంపే ముందు పది మంది ఖాతా నెంబర్లను కాగితపు జాబితాతో సరిచూడండి.

అనుమానం వస్తే ఏమి చేయాలి? గాలికుంటు వచ్చిన పశువును వేరుగా కట్టేస్తాము కదా. మొదట ఇంటర్నెట్ తీగ పీకండి, వైఫై ఆపండి. పెన్‌డ్రైవు పెట్టవద్దు. ఆ యంత్రంలో బ్యాంకు పాస్‌వర్డు కొట్టవద్దు. తెరను ఫోటో తీసి, సమయం రిజిస్టరులో వ్రాయండి. యూనియన్ కార్యాలయానికి వెంటనే తెలపండి. పాస్‌వర్డులు వేరే మంచి యంత్రం నుండి మార్చండి. డబ్బు పోయి ఉంటే బ్యాంకుకూ, 1930 నెంబరుకూ ఆ గంటలోనే ఫోన్ చేయండి. అడిగిన సొమ్ము కట్టవద్దు. కట్టినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ లేదు.

ప్రతి సాయంత్రం పాల లెక్కను వేరే డిస్కులోకి తీసి, డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టండి. రిజిస్టరు వ్రాయడం మానవద్దు.

సంఘాధ్యక్షులకు ఒక మనవి. జబ్బు చేసిందని వచ్చి చెప్పిన కార్యదర్శిని కోప్పడవద్దు. మేము చెప్పిన సంఘంలో నష్టం చేసింది పెన్‌డ్రైవు కంటే ఆ మూడు దినాల మౌనమే. ఇకమీదట మేము తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకం కంటే ముందు బీరువాలోని ఆ డిస్కును అడుగుతాము. చూపించడానికి సిద్ధంగా ఉండండి. సెలవు.