నల్లంచి, పెద్ద నల్లంచి

ఎచ్చెర్ల వైపు మెట్ట పొలాల గట్ల మీద తోక నిక్కించి గంతులేసే చిన్న పిట్ట నల్లంచి. మగదానికి రెక్క మొదట్లో తెల్ల మచ్చ, తోక కింద ఇటుక రంగు. తోటల్లో వేకువనే ఈల వేసేది పెద్ద నల్లంచి. 1860లలో జెర్డన్ తన పక్షుల గ్రంథంలో నమోదు చేసిన తెలుగు పేర్లివి. అంటే మనవాళ్లు ఈ రెంటినీ ఒకే ఇంటి పిట్టలుగా చూశారు. శాస్త్రం అలా చూడలేదు. లిన్నేయస్ 1758లో పెద్దదాన్ని గోరింకలతో, 1766లో చిన్నదాన్ని తోకాడించే పిట్టలతో చేర్చాడు. తర్వాత కూడా చిన్నది చాలాకాలం సాక్సికొలాయిడిస్ అనే వేరే ప్రజాతిలోనే ఉండిపోయింది. చివరికి డీఎన్‌ఏ పరిశోధనలే రెంటినీ కాప్సికస్ ప్రజాతిలో కలిపాయి.

రంగు చూసి పెట్టిన పేరు కాకతాళీయంగా కుదిరిందని ఎవరైనా అనవచ్చు. రంగే ఆధారమైతే, నిగనిగలాడే నల్లటి పసుల పోలిగాడు కూడా నల్లంచే కావాలి, కాలేదు. తోక ఎత్తే తీరు, నేల మీద మేత వెతికే పద్ధతి కూడా చూసే ఉంటారు. పేరు జన్యువులకు రుజువు కాదు, నిజమే. కానీ వర్గీకరణకు మొదటి మెట్టయిన నిశిత పరిశీలన అందులో ఉంది. అందుకే పక్షుల పాఠాల్లో కాప్సికస్ పక్కన నల్లంచి పేరు కూడా రాయాలి.