సంబరములో పోయు కల్లు: చట్టము, బీమా

కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నడుమ నున్న ఉద్దానపు పల్లెలలో గ్రామదేవత సంబరమనగా ఊరంతయు ఒకచోట చేరు దినము. పలాస, టెక్కలి ప్రాంతముల నుండి చుట్టములు వత్తురు. విదేశములలో కొలువు చేయు బిడ్డలును వత్తురు. “మన చెట్టు, మన కుండ, మన చుట్టములు, పైకము పుచ్చుకొనుట లేదు. కల్లు పోసిన తప్పేమి?” అని అడుగువారు కలరు. ఈ పూట ఆ ప్రశ్ననే మేము మీతో ముచ్చటింపదలచితిమి.

మత్తు పానీయములు రాజ్యాంగము ననుసరించి రాష్ట్రముల అధికారములోనివి. మనకు వర్తించునది 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము. దాని 13వ సెక్షను ప్రకారము లైసెన్సు లేక మత్తు పానీయము తయారు చేయరాదు, చెట్టు గీయరాదు, కల్లు దింపరాదు. అనగా చట్టము అమ్మకము వద్ద గాక తయారీ వద్దనే మొదలగుచున్నది. “ఊరకే పోసితిమి” అను మాట ఆ లోపమును పూడ్చజాలదు. యాత, శెగిడి మొదలగు గీత వృత్తివారికి సహకార సంఘముల ద్వారా గాని, గీచువానికే చెట్టు అను పద్ధతిపై గాని లైసెన్సులు కలవు. ఆ హక్కు గీత వృత్తివారిదే గాని సంబరపు కమిటీది కాదు.

జీడిపండు రసము పులియబెట్టినను ఇదే న్యాయము. పండు తోటలలో రాలి కుళ్ళుట చూచినపుడు మనసు కలుక్కుమనుట సహజమే. అయినను లైసెన్సు తప్పదు. అమెరికాలో 1978 నాటి శాసనము ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల బీరు పన్ను లేకుండ కాచుకొన నిచ్చినది. అదియు ఇంటి వాడుకకే, అమ్మకమునకు కాదు. అచటి అలవాటు ఇచట చెల్లదు.

ఇక బీమా మాట. 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టము ప్రమాదకర పదార్థములకు సంబంధించినది. సంబరపు కమిటీకి అది అండ కాదు. కమిటీవారు ఉత్సవమునకై వేరుగ పాలసీ తీసికొనవచ్చును. పందిరి కూలి ఎవరైన గాయపడినచో అది ఆదుకొనవచ్చును. కాని తెలిసి తెలిసి చట్టము మీరి పోసిన కల్లు వలన ఒకరు జబ్బు పడినచో ఆ పాలసీపై ఆశ పెట్టుకొనరాదు. ఆ భారము పోసినవారిపైననే పడును.

కల్లు గుణమును తలచుడు. దింపిన కొలది గంటలకే అది పులియును. ప్రొద్దుటి తీపి సాయంత్రమునకు ఘాటగును. పోయువానికి దాని బలమెంతో తెలియదు. బయటి నుండి తెచ్చిన కుండలో క్లోరల్ హైడ్రేటు వంటి విషము కలిసియున్నను కంటికి కనబడదు. త్రాగినవాడు బండి పట్టుకొని జాతీయ రహదారి ఎక్కును. రక్తమున 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు మించి మద్యసారమున్నచో అది 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 185వ సెక్షను క్రింద నేరము. మత్తులో నడిపినందున బండికి కలిగిన నష్టమునకు బీమా సొమ్మును దక్కకపోవును.

కావున కమిటీ పెద్దలకు మా మనవి ఇది. పందిరి గుంజ పాతకముందే ఎక్సైజు స్టేషనులో విచారింపుడు. పాలసీ కాగితములో మినహాయింపుల పుటను చదివించుకొనుడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కూల్చిన తోటలలో మరల కొబ్బరి మొక్కలు నాటితిరి. ఆ కొబ్బరి నీళ్ళు చుట్టములకు పోయుటకు ఏ లైసెన్సును అక్కరలేదు.