ఎక్స్ కిరణాలూ, కంటి వెలుగూ
(హారిసన్ సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చలికాలపు రాత్రి హారిసన్‌లో మన పెరట్లో నిలబడి తల ఎత్తితే వృశ్చికరాశి నడినెత్తిన కనిపిస్తుంది. తెలుగునాట మన పెద్దలు దానినే దక్షిణపు దిక్కున చూసేవారు. ఆ రాశిలో కంటికి ఆనని చుక్క ఒకటున్నది. అక్కడినుండి ఎక్స్ కిరణాలు వస్తున్నాయని 1962లో ఒక రాకెట్టు పరికరం కనిపెట్టింది. ఆ చుక్కకు స్కార్పియస్ ఎక్స్-1 అని పేరు. 1966లో దానిని దూరదర్శినితో గుర్తుపట్టారు.

అది జంట నక్షత్రం. ఒకటి న్యూట్రాన్ నక్షత్రం. సూర్యునికంటె బరువైనదైనా, అడ్డుకొలత సుమారు 20 కిలోమీటర్లే. రెండవది మామూలు నక్షత్రం. సుమారు 19 గంటలకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. రెండవదాని పదార్థం పళ్ళెంలా సుడులు తిరుగుతూ మొదటిదానిపై పడుతుంది. అక్కడ పుట్టిన ఎక్స్ కిరణాలు ఆ పళ్ళేన్ని వేడెక్కిస్తే, అది మామూలు వెలుగునిస్తుంది.

అయితే ఈ రెండు వెలుగులూ ఒక్కసారే హెచ్చుతాయా? 1978లో ఇటువంటి మరొక జంటను ఉపగ్రహమూ, నేలమీది దూరదర్శినీ ఒకేసారి కనిపెట్టి చూశాయి. ఎక్స్ కిరణాలు భగ్గుమన్న సుమారు 3 సెకండ్లకు కంటి వెలుగు హెచ్చింది. వెలుగు సెకండుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక, అదనంగా నడిచిన దారి సుమారు 9 లక్షల కిలోమీటర్లు. ఏ దూరదర్శినికీ విడిగా కనిపించని పళ్ళేన్ని గడియారంతో కొలిచారన్నమాట!

కాని రెండూ ఒకేసారి చూడాలి, అదే కష్టం. ఎక్స్ కిరణాలను గాలి అడ్డుకుంటుంది, కంటి వెలుగును మబ్బులు అడ్డుకుంటాయి. 1960ల చివర హైదరాబాదు నుండి బెలూనులు ఎగరవేసి ఎక్స్ కిరణాలు కొలిచారు. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుండి ఎగిరిన ఆస్ట్రోశాట్‌లో ఎక్స్ కిరణ పరికరాలనూ, అతినీలలోహిత దూరదర్శినులనూ ఒక్కచోటే అమర్చారు.

మన ఊరి పక్కనున్న స్ట్రామ్లో కొండమీది దూరదర్శినులు 2003 జనవరి 18న కార్చిచ్చులో కాలిపోయాయి. దూరదర్శినిని మళ్ళీ కట్టవచ్చు. చూడకుండా పోయిన రాత్రి మాత్రం తిరిగి రాదు. మన ఇళ్ళలోనూ అంతే. తాతయ్యలు, అమ్మమ్మలు చెప్పగలిగినప్పుడే పిల్లలు అడగాలి. ఈ రాత్రి మబ్బు లేకపోతే వారిని పెరట్లోకి పిలిచి, తేలును చూపించి, తమ ఊళ్ళో అది ఎక్కడ కనిపించేదో అడగండి.