అనుమానితులే పరిశోధకులైతే

(మహిళా కార్యకర్తల అధ్యయన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



లైంగికత, చట్టం అనే అంశం మీద మాట్లాడమంటే డిటెక్టివ్ నవలల గురించి మాట్లాడతానన్నాను. నిర్వాహకులు కొంచెం కంగారుపడ్డారు. నిజమే, డిటెక్టివ్ నవలంటే మనకి కాలక్షేపం. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ కథల్ని మా అమ్మ అద్దెకి తెచ్చుకుని, వంటింట్లో బియ్యం డబ్బా వెనక దాచుకుని చదివేది. ఆ నవలల్ని తెలుగులో అపరాధ పరిశోధన అంటాం. నేను చేసేదీ పరిశోధనే. ఈ ఒక్క మాట పోలీసులకీ, మాకూ ఉమ్మడిగా ఎందుకుందా అని ఆలోచించేలా చేసినవి అమెరికాలో వచ్చిన కొన్ని క్వీర్ డిటెక్టివ్ సీరీస్‌లు. క్వీర్ అనేది ఒకప్పుడు తిట్టు. తిట్లు తిన్నవాళ్ళే దాన్ని తమ పేరుగా చేసుకున్నారు.

పాత డిటెక్టివ్ నవలల్లో స్వలింగ ప్రేమ ఉన్నవాళ్ళకి దక్కేవి ఎక్కువగా రెండే వేషాలు. శవం, లేకపోతే హంతకుడు. వాళ్ళకో రహస్యం ఉంటుంది, దాన్ని పట్టుకుని ఎవరో బెదిరిస్తారు, అక్కడ నేరం పుడుతుంది. రహస్యం ఎందుకు దాచుకోవాల్సి వచ్చిందని కథ అడగదు.

1970లో జోసెఫ్ హాన్సెన్ 'ఫేడవుట్' అనే నవలతో దీన్ని తిరగేశాడు. అతని కథానాయకుడు డేవ్ బ్రాండ్‌స్టెటర్ లాస్ ఏంజెలెస్‌లో బీమా కంపెనీ తరఫున మరణాల క్లెయిముల్ని విచారించే ఉద్యోగి. స్వలింగ ప్రేమికుడు, అది దాచుకోడు. నవల మొదలయ్యేసరికి అతని సహచరుడు క్యాన్సర్‌తో చనిపోయి ఎన్నో రోజులు కాలేదు. ఆ దుఃఖాన్ని హాన్సెన్ ఏ సంజాయిషీ లేకుండా, భార్య పోయిన మగవాడి దుఃఖం రాసినట్టే రాశాడు. అప్పటికి కాలిఫోర్నియాలో స్వలింగ సంపర్కం నేరం. 1975లో చేసిన మార్పు 1976లో అమల్లోకి వచ్చేదాకా ఆ చట్టం ఉంది. అంటే నేరాన్ని వెతికే మనిషే చట్టం దృష్టిలో నేరస్తుడు.

1991 వరకు డేవ్ మీద 12 నవలలు వచ్చాయి. ఇక్కడే సీరీస్ అనేదానికి ఒక విలువ కనిపించింది నాకు. విడి నవలల్లో ఇలాంటి ప్రేమలు చాలాసార్లు చావుతోనో, బుద్ధి తెచ్చుకుని చేసుకున్న పెళ్ళితోనో ముగిసేవి. సీరీస్‌లో అలా కుదరదు. తర్వాతి పుస్తకం దాకా కథానాయకుడు బతికుండాలి. డేవ్‌కి వయసు మీద పడుతుంది, కొత్త ప్రేమ దొరుకుతుంది, స్నేహితులు పోతారు. ఇలాంటివాళ్ళు కూడా ముసలివాళ్ళవుతారని చెప్పడం చిన్న సంగతి కాదు.

ఇక స్త్రీల సంగతి. 1973లో మొదలైన నయాడ్ ప్రెస్ అనే చిన్న ప్రచురణ సంస్థ లెస్బియన్ పుస్తకాలు వేసి పోస్టులో పాఠకులకి పంపేది. ఇంటికొచ్చే పొట్లం ఎంత ధైర్యమో మన పత్రిక చదివేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. అక్కడినుంచే 1984లో కేథరిన్ ఫారెస్ట్ నవల 'అమెచ్యూర్ సిటీ' వచ్చింది. కథానాయిక కేట్ డెలఫీల్డ్ లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో హత్య కేసుల డిటెక్టివ్. డేవ్‌లా కాదు, ఉద్యోగంలో తన సంగతి గట్టిగా దాచుకుంటుంది.

1987 నాటి 'మర్డర్ ఎట్ ది నైట్‌వుడ్ బార్'లో లెస్బియన్లు కలుసుకునే బారు బయట ఒక అమ్మాయి హత్యకు గురవుతుంది. బారులో ఉన్న ఆడవాళ్ళు కేట్‌తో మాట్లాడరు. ఎందుకు మాట్లాడాలి? ఏళ్ళ తరబడి అలాంటి బార్ల మీద దాడులు చేసింది పోలీసులే. యూనిఫారం వైపు కేట్ ఉంది, బారులో కూర్చున్నవాళ్ళ వైపూ ఉంది. 1991 నాటి 'మర్డర్ బై ట్రెడిషన్'లో చనిపోయినవాడు స్వలింగ ప్రేమికుడు. ఆత్మరక్షణ కోసమే చంపానంటాడు నిందితుడు. ఇక విచారణంతా పోయినవాడి నడవడిక మీదకే మళ్ళుతుంది. 'అతను స్వలింగ ప్రేమికుడని తెలిసి ఒళ్ళు తెలియలేదు' అనే వాదన చెల్లదని కాలిఫోర్నియా చట్టం చేసింది 2014లో.

ఇది మనకి కొత్తేం కాదు. 1978లో హైదరాబాదులో రమీజాబీ మీద పోలీస్ స్టేషన్‌లో అత్యాచారం జరిగితే, విచారణలో బోనెక్కింది ఆమె నడవడికే.

ఈ నవలల మీద నాకు అభ్యంతరాలూ ఉన్నాయి. నేరస్తుణ్ణి అరెస్టు చేయగానే న్యాయం జరిగిపోయిందనిపిస్తాయి. మంచి మనిషి ఒకరు చేరితే పోలీసు శాఖ మంచిదవుతుందా అన్న ప్రశ్న చాలాసార్లు పక్కకు పోతుంది. ఆ విషయంలో బార్బరా విల్సన్ 1984 నవల 'మర్డర్ ఇన్ ది కలెక్టివ్' నాకు మరింత నచ్చింది. సియాటిల్‌లో ఒక ముద్రణాలయాన్ని సమష్టిగా నడిపే కార్యకర్తల మధ్య హత్య జరుగుతుంది. వెతికేది పోలీసు కాదు, వాళ్ళలో ఒకామె. ఆ మీటింగులు, ఆ వాదనలు చదువుతుంటే మన మీటింగులే గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. దాదాపు 20 ఏళ్ళ కిందట, నేను పరిశోధన చేసుకుంటూ ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో సాయం చేస్తున్నప్పుడు ఇద్దరమ్మాయిలు వచ్చారు. ఊరు వదిలి వచ్చేశారు, కలిసి బతుకుతామన్నారు. ఒకమ్మాయి తండ్రి కిడ్నాప్ కేసు పెట్టాడు. నేను వాళ్ళని విడివిడిగా కూర్చోబెట్టాను. "నిన్ను ఎవరు తీసుకొచ్చారు? బలవంతం చేసిందా? ఎప్పటినుంచి?" అని అడిగాను. అన్నీ నోట్సు రాసుకున్నాను. చిన్నమ్మాయి చివరికి, "అక్కా, స్టేషన్లో కూడా ఇవే అడిగారు," అంది.

మర్నాటికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఎక్కడికెళ్ళారో నాకు తెలియదు. ఆ రాత్రి పడుకోవడానికి చోటుందా అని మాత్రం నేను అడగలేదు.

377వ సెక్షన్ అప్పుడు అమల్లో ఉంది. 2009లో ఢిల్లీ హైకోర్టు దాని కోరలు తీసింది, 2013లో సుప్రీంకోర్టు మళ్ళీ పెట్టింది, 2018లో ఇష్టపూర్వక సంబంధాలకు అది వర్తించదని చెప్పింది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, ఆడ బట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయనిచ్చిన 1919 నాటి నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. అదే ఏడాది పెళ్ళి హక్కు ఇవ్వడానికి మాత్రం సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చట్టం కొంత మారింది. మన ప్రశ్నలు మారాయా?

కేట్ డెలఫీల్డ్ నాకు నేర్పింది ఇదే. ప్రశ్న అడిగేవాళ్ళ చేతిలో అధికారం ఉంటుంది. ఆ అధికారాన్ని నేను స్త్రీవాదినన్న నమ్మకంతో మర్చిపోయాను. మన కేంద్రాలకి రేపు ఇద్దరమ్మాయిలు వస్తారు. మన దరఖాస్తు ఫారాల్లో 'భర్త పేరు' అన్న గడి ఇంకా ఉంది. ఎవరు ఎవరిని పాడుచేశారన్న ప్రశ్న మన నాలుక చివర ఇంకా ఉంది. ముందు అన్నం తిన్నారా, ఈ రాత్రికి ఎక్కడుంటారు, ఎవరికి భయపడుతున్నారు అని అడుగుదాం. మిగతాది వాళ్ళు చెప్పాలనుకుంటే చెబుతారు.

ఆ నోట్సు పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో నేను రాసుకున్న ప్రశ్నల జాబితాను ఈ మధ్యాహ్నం చర్చకి మీ ముందు పెడుతున్నాను. దయచేసి మొహమాటపడకుండా కొట్టేయండి.