ప్రాణమున్న రాయి

భువనగిరివారికి రాయి యనగా నేమో వేరుగ చెప్ప నక్కరలేదు. ఒకే శిలగా నిలిచిన కొండ నీడలో మనము పుట్టి పెరిగితిమి. చాళుక్య ప్రభువు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని కాలమున దానిపై కోట వెలసి తొమ్మిది వందల యేండ్లు కావచ్చినది. ఎన్ని సైన్యము లెక్కినను, ఎందరు యాత్రికులు త్రొక్కినను ఆ శిలకు కొరత రాలేదు. మన ప్రాంతపు ఈ శిలల వయస్సు ఇంచుమించు 250 కోట్ల యేండ్లని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇట్టి రాతినేల నుండి పోయి, నీటిలో పెరుగు రాతిని, ప్రాణమున్న రాతిని నేను చూచి వచ్చితిని. ఆ పగడపు దీవిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

అండమాను దీవులు బంగాళాఖాతమునకు తూర్పువైపున ఉత్తర దక్షిణములుగా వరుస తీరి యున్నవి. నికోబారులతో కలిపి లెక్కించినచో అయిదు వందలకు పైబడును గాని, జనులు కాపురముండునవి నలుబదికి మించవు. చెన్నపట్టణము నుండి గాని విశాఖపట్టణము నుండి గాని ఓడలో దాదాపు మూడు దినముల ప్రయాణము. ముఖ్యపట్టణమైన పోర్టు బ్లెయిరునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. అచ్చట దిగిన తెలుగువానికి తాను పరదేశమునకు వచ్చితినన్న తలంపు కలుగదు. శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి వలస పోయిన బెస్త కుటుంబము లచ్చట స్థిరపడి యున్నవి. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులవారిలో పదింట ఒకరికి పైగా తమ మాతృభాష తెలుగని చెప్పిరి.

పట్టణమునకు నైరుతిగా ముప్పది కిలోమీటర్ల లోపున వండూరను గ్రామము కలదు. దాని చెంతనున్న దీవులను, వాని నడుమనున్న సముద్రమును చేర్చి 1983లో మహాత్మాగాంధీ సాగర జాతీయోద్యానముగా నేర్పరచిరి. దాని వైశాల్యము 280 చదరపు కిలోమీటర్లకు పైబడును. అందు జాలీ బాయ్ అను చిన్న దీవికి నేను పోయితిని. పడవ యెక్కకముందే అధికారులు సంచులు వెదకి ప్లాస్టికు వస్తువులను తీసివేయించిరి. ఆ దీవిలో ఇల్లు లేదు, అంగడి లేదు, రాత్రి యుండుటకు అనుమతి లేదు. వానకాలమున దానికి పూర్తిగా విశ్రాంతి.

పడవ ముందుగా మడ అడవుల నడుమ సాగినది. ఆ అడవుల వాగులలో ఉప్పునీటి మొసళ్లు నివసించును గావున, అనుమతించిన చోట తప్ప ఎచ్చటను నీటిలో దిగరాదు. తెల్లని కడుపు గల సముద్రపు గ్రద్ద యొకటి మాపై చాలసేపు తిరిగినది. దీవి చేరునప్పటికి నీటి రంగు ఆకుపచ్చయై, అడుగున నున్నదంతయు అద్దములోవలె కనబడజొచ్చెను.

కన్నులను ముక్కును కప్పు అద్దపు తొడుగు, నోట కరచి పట్టు ఊపిరిగొట్టము, ఇవియే స్నార్కెలింగునకు కావలసిన సామగ్రి. ముఖము నీటిలో నుంచి బోరగిల తేలుచు, గొట్టముతో గాలి పీల్చుచు క్రింది లోకమును చూడవచ్చును. మన బావులలో ఈత నేర్చినవానికి ఉప్పునీటిలో తేలుట కష్టము గాదు. నోటితో మాత్రమే ఊపిరి తీయుటకు కొంత అలవాటు కావలెను. నేను తడబడి, క్రింద రాయివలె కనబడినదానిపై కాలు మోపబోగా, మా పడవవాడు చేయిపట్టి లాగి, "బాబూ, కాలెట్టకండి! అది రాయి కాదు, పానముంది" అనెను. అతడు శ్రీకాకుళపువాడు. నే నచ్చట విన్న మాటలలో దానికంటె గొప్ప శాస్త్రవాక్యము లేదు.

పగడము చూచుటకు చెట్టు, తాకిన రాయి, నిజమునకు జంతువు. చిన్న పువ్వువంటి జీవులు వేలకొలది గుంపు గూడి, సముద్రజలమునుండి సున్నమును గ్రహించి, తమ చుట్టును గూడు కట్టుకొనును. వాని శరీరములో కంటి కగపడని నాచుమొక్కలు కాపురముండి, సూర్యకాంతితో ఆహారము వండి పెట్టును. పగడమునకు రంగునిచ్చునవియు ప్రధానముగా నవియే. కొమ్మలు వేయు జాతులు కొన్ని ఏటికి పది సెంటిమీటర్లు పెరుగును గాని, బండవలె నుండునవి ఏటికొక సెంటిమీటరు పెరుగుటయే గొప్ప. మనిషి యెత్తు బండకు నూరేండ్లకు మించిన కష్టము వలయును. మన కొండ వేల పాదముల నోర్చినది. ఈ రాయి ఒక్క పాదము నోర్వజాలదు.

ఆ గూళ్ల చుట్టు నున్న సంసారమును ఏమని వర్ణింతును! చిలుకముక్కువంటి నోటితో పగడమును కొరికి తిను చేపలు గుంపులుగా మేయుచుండెను. అవి నమిలి విడిచిన పొడియే తీరమున తెల్లని యిసుకలో కొంత భాగము. విషపు కేసరములు గల సముద్రపు పువ్వులో నారింజ రంగు చేపపిల్ల నిర్భయముగా దాగియుండెను. పెద్ద ఆల్చిప్ప యొకటి నీలిపెదవులు తెరచి యుండి, నా నీడ పడగానే మూసికొనెను. సముద్రపు అడుగున నూటికొక పాలైన లేని పగడపు దిబ్బలు సముద్రజీవుల జాతులలో నాలుగవ వంతునకు ఆశ్రయమిచ్చుచున్నవట.

అయితే అచ్చట రంగుతో పాటు తెల్లదనమును కనబడినది. వేసవి వేడికి మించి ఒక్క డిగ్రీ అధికమై కొన్ని వారములు నిలిచినచో, పగడము తనలోని నాచును వెడలగొట్టి పాలిపోవును. వేడి త్వరగా తగ్గిన కోలుకొనును; లేకున్న ఆకలిచే చచ్చును. 1998, 2010, 2016 సంవత్సరములలో అండమానులందు ఇట్లు జరిగినది. 2004 డిసెంబరు 26వ తేదీ భూకంపమున ఉత్తరాండమానులో సముద్రపు అడుగు పైకి లేచి, కొన్ని దిబ్బలు నీటికి వెలియై ఎండి చచ్చినవి. భూకంపమును మనము ఆపలేము. సముద్రము వేడెక్కుట మాత్రము మన బొగ్గుపొగలవలనను, చమురుపొగలవలనను కలిగినది. అందు సముద్రము చూడని మన పాలును కలదు.

ఇట్లయిన అచ్చటికి పోవుట తగునా యని మీరడుగవచ్చును. తగునని నా యభిప్రాయము. చూడనిదానిపై జాలి పుట్టుట కష్టము. కాని పోవువారు కొన్ని నియమములు పాటింపవలెను. నీటిలో నిలుచుండరాదు, తేలవలెను. దేనిని తాకరాదు. ఎండకు ఒంటికి పూయు లేపనములు కొన్ని పగడములకు హాని చేయునని పరీక్షలలో తేలినది గనుక, పొడుగు చేతుల చొక్కా తొడుగుట మేలు. చేపలకు మేత వేయరాదు. చచ్చిన పగడపు ముక్కనైనను, గవ్వనైనను జ్ఞాపకార్థమని తేరాదు. రాతిపగడములు, పెద్ద ఆల్చిప్పలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షింపబడుచున్నవి. నే నచ్చటినుండి వట్టి చేతులతోనే తిరిగి వచ్చితిని. బంధువులు ఏమి తెచ్చితివని యడిగిన, ఆ పడవవాని మాటను చెప్పుచున్నాను. మీకును దానినే చెప్పి సెలవు గైకొనుచున్నాను.