ప్రవేశాల వేళ మధ్యవర్తి

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడిన పిమ్మట, మారికుప్పం రైలెక్కి బెంగళూరులో జీవిక వెదకుకొన్న కుటుంబాలు అనేకం. అక్కడి బడుల సంగతి తెలియని తల్లిదండ్రులకు, “సీటు ఇప్పిస్తాను” అనే మధ్యవర్తి దైవసమానుడుగా తోచడం సహజం.

అయితే ఆయన అమ్ముతున్నదేమిటి? 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం, టి.సి. ఆలస్యమైనదని ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలు ప్రవేశం నిరాకరించరాదు. వయసు ధ్రువపత్రం లేకపోయినా అంతే. క్యాపిటేషన్ వసూలుకు పదిరెట్ల వరకు జరిమానా ఉంది. నవోదయ ఆరవ తరగతి పరీక్షకు దరఖాస్తు రుసుమే లేదు. పాపం, వీటికే వేలు చెల్లించేవారున్నారు!

నమ్మదగిన సలహాదారు ఈ సంగతులు ముందే చెబుతాడు. తన రుసుముకు రశీదు ఇస్తాడు; పాఠశాల నుండి తనకు ముట్టే కమీషను దాచడు; అసలు పత్రాలు తన వద్ద ఉంచుకోడు. ఫీజు పాఠశాలలోనే కట్టమంటాడు. తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డకు అక్కడ కన్నడం, ఆంగ్లం ఎవరు, ఎట్లు నేర్పుతారో ఉపాధ్యాయులనే అడిగి తెలుసుకొమ్మంటాడు. ఇదే అన్నిటికన్న ముఖ్యం. “సీటు ఖాయం, అడ్వాన్సు ఇవ్వండి” అన్నచోట మాత్రం కూర్చోనక్కరలేదు. సందేహమున్నవారు బి.ఇ.ఓ. కార్యాలయంలో విచారించవచ్చు, అందుకు పైసా ఖర్చు లేదు.